ముందు పన్ను విరిగింది.. బాండింగ్ సరిపోతుందా? క్యాప్ వేయించాలా?

ప్రశ్న: నా వయసు 24. మాది నర్సంపేట దగ్గర ఒక ఊరు. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు బోరింగు పిడి మూతికి తగిలి పై వరుసలో ముందు పన్ను మూల విరిగింది. రెండు రోజులు నొప్పి ఉండి తగ్గిపోయింది, డాక్టర్‌కు చూపించలేదు. ఇప్పుడు ఆ పన్ను పక్క పన్ను కంటే కొంచెం నల్లబడ్డట్టు కనిపిస్తోంది. నొప్పి మాత్రం లేదు. రెండు నెలల్లో నా పెళ్లి. ఒక క్లినిక్‌లో నాలుగు ముందు పళ్లకూ క్యాపులు వేస్తే అన్నీ ఒకేలా ఉంటాయన్నారు. అక్క ఫ్రెండ్ బాండింగ్ చేయించుకుంటే ఒక్కరోజులో అయిపోయిందట. దాంతో పన్ను పాడవుతుందని అమ్మ భయపడుతోంది. ఏది మంచిది?
- ఓ పాఠకురాలు, వరంగల్ జిల్లా

డాక్టర్ సలహా: మీరు రాసినవాటిలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ‘పన్ను నల్లబడ్డట్టు ఉంది’ అన్నది. బాండింగా (విరిగిన చోట పంటి రంగు ముద్ద అతికించడం), క్యాపా (పన్ను మొత్తానికి తొడుగు వేయడం) అన్నది తర్వాత చూద్దాం, ముందు దాని సంగతి తేలాలి.

దెబ్బ తగిలినప్పుడు పంటి మూల విరగడం కంటికి కనిపిస్తుంది. లోపలి నరానికి రక్తం అందించే సన్నని నాళాలు తెగితే పైకి ఏమీ తెలియదు. ఆ నరం మెల్లగా చచ్చిపోతుంది. ఒక్కోసారి దీనికి నెలలు, ఏళ్లు కూడా పడుతుంది. చాలామందికి నొప్పి రాదు కాబట్టి పన్ను బాగానే ఉందనుకుంటారు. అది మాత్రం బూడిద రంగుకు తిరుగుతుంది. కొందరికి వేరు కొసన చీము చేరి, చిగురు మీద చిన్న పొక్కు లేస్తుంది, పగిలిపోతుంది, మళ్లీ లేస్తుంది. ఇవాళే అద్దం ముందు పెదవి పైకెత్తి చూసుకోండి. అలాంటి పొక్కు ఉంటే ఒక్క వారం కూడా ఆగొద్దు. రంగు బూడిదగా కాకుండా పసుపుపచ్చగా ఉంటే, లోపల నరం ఉండే దారి గట్టిపడి సన్నబడి ఉండొచ్చు. చీము, నొప్పి లేకపోతే దానికి చాలాసార్లు వైద్యమే అక్కర్లేదు, అప్పుడప్పుడు ఎక్స్‌రే తీసి గమనిస్తే చాలు.

ఇవన్నీ తేలడానికి పంటి ఎక్స్‌రే ఒకటి, పంటికి చల్లటి మందు ఆనించి చేసే పరీక్ష ఒకటి చాలు. పది నిమిషాల పని.

నరం బతికే ఉంటే నేరుగా బాండింగ్ చేయించుకోవచ్చు. చచ్చిపోయి ఉంటే ముందు రూట్ కెనాల్ చేయాలి, అంటే చచ్చిన నరాన్ని తీసి లోపల శుభ్రం చేసి మూసేయాలి. తర్వాత పంటి లోపల బ్లీచింగ్ మందు పెట్టి కొన్ని రోజులు ఉంచితే నలుపు చాలావరకు పోతుంది. బ్లీచింగ్ చేసిన వెంటనే బాండింగ్ గట్టిగా అతుక్కోదు, అందుకని రెండు వారాలు ఆగి చేస్తారు. అన్నీ కలిపినా మీకున్న రెండు నెలలు సరిపోతాయి, టెన్షన్ పడకండి. నల్లటి పన్ను మీద హడావిడిగా బాండింగ్ పూయిస్తే మాత్రం లోపలి నీడ పైకి కనిపిస్తూనే ఉంటుంది.

ఇక నాలుగు క్యాపుల సంగతి. విరిగింది ఒక్క పన్ను, అదీ మూలకు. క్యాప్ వేయాలంటే పన్నును చుట్టూ అరగదీయాలి. పైకి కనిపించే పంటి భాగంలో సగానికి మించి పోతుంది. ఒకసారి పోయిన ఎనామిల్ (పంటి పైనుండే గట్టి పొర) మళ్లీ పెరగదు. క్యాప్ కూడా జీవితాంతం ఉండదు, కొన్నేళ్లకు మార్చాల్సిందే. ఇరవై నాలుగేళ్ల వయసులో బాగున్న మూడు పళ్లను ఫొటోల కోసం అరగదీయడానికి నేనైతే ఒప్పుకోను. పెళ్లికి ముందు ఇలా తొందరపడి, తర్వాత జివ్వుమంటున్నాయని వచ్చేవాళ్లను చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. పన్ను సగానికి పైగా విరిగినా, రూట్ కెనాల్ తర్వాత మిగిలిన భాగం బాగా బలహీనంగా ఉన్నా క్యాప్ అవసరం పడొచ్చు. అప్పుడైనా ఆ ఒక్క పంటికే.

మీ అమ్మగారి భయం సహజమే. అయితే బాండింగ్‌లో పన్నును దాదాపు అరగదీయరు, విరిగిన అంచును కొద్దిగా నునుపు చేస్తారంతే. మామూలుగా మత్తు ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. ముందుగా మీ పళ్ల రంగుకు సరిపోయే షేడ్ ఎంచుకుంటారు. పన్ను ఆరిపోతే తెల్లగా కనిపించి షేడ్ తప్పుతుంది కాబట్టి కూర్చోగానే ఈ పని కావాలి. పగటి వెలుతురులో చూడమనండి, ఆ రోజు లిప్‌స్టిక్ వేసుకోకండి. తర్వాత యాసిడ్ జెల్ 15 నుంచి 30 సెకన్లు ఉంచి కడిగేస్తారు. ఎనామిల్ మీద కంటికి కనిపించని గరుకుదనం వస్తుంది, పట్టు దొరికేది దాని వల్లనే. ఆపై అతికించే ద్రవం రాసి, కాంపోజిట్ అనే పంటి రంగు ముద్దను 2 మిల్లీమీటర్లకు మించని పొరలుగా పెడుతూ, ఒక్కో పొరను నీలి లైట్‌తో గట్టిపరుస్తారు. చివర్లో పాలిష్. గంటలోపు అయిపోతుంది. చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే బాండింగ్ పట్టు తప్పుతుంది, వారం ముందే క్లీనింగ్ చేయించుకోండి.

పళ్లన్నీ తెల్లబరుచుకోవాలన్న ఆలోచన ఉంటే అది కూడా బాండింగ్‌కు ముందే. కాంపోజిట్ రంగు బ్లీచింగ్‌తో మారదు.

బాండింగ్ సాధారణంగా ఐదారేళ్లు ఉంటుంది, జాగ్రత్తను బట్టి ఇంకా ఎక్కువ కూడా. చిన్న పెచ్చు ఊడితే అక్కడికక్కడే సరిచేయొచ్చు. ఖర్చు క్యాప్ కంటే తక్కువే, ఎంతో ముందే అడిగి తెలుసుకోండి. మొదటి రెండు రోజులు టీ, పసుపు ఎక్కువున్న కూరలు తగ్గించండి. తర్వాత కూడా సకినాలు, చెరుకు గడ, మక్క కంకి ముందు పళ్లతో కొరకొద్దు. సకినం తుంచి పక్క పళ్లతో నమలండి. దారం కొరకడం, పిన్నీసు పళ్లతో విప్పడం మానేయాలి. రాత్రి పళ్లు కొరికే అలవాటుంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

ఇది చదివే తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలకు ఇలా దెబ్బ తగిలి పన్ను విరిగితే, ఆ ముక్క దొరికితే పాలల్లో వేసి అదే రోజు డెంటిస్ట్ దగ్గరకు తీసుకెళ్లండి. చాలాసార్లు దాన్నే తిరిగి అతికించొచ్చు.

మీరు ఈ వారంలోనే ఎక్స్‌రే తీయించండి. క్యాపులకు అడ్వాన్స్ ఇచ్చి ఉంటే, ఆ డబ్బు తిరిగి రాకపోయినా సరే, మిగతా మూడు పళ్ల మీద చెయ్యి వేయనివ్వకండి.