ఎనిమిదేళ్లు దాటిన క్యాబ్‌కు ఎఫ్‌సీ: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి, మీ మామయ్య ఆశీస్సులు.

నీ బండికి ఎనిమిదేళ్లు నిండాయనీ, ఇక మీదట ఏటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ ధ్రువపత్రం, చేయించాలని రిపేరు షెడ్డువాళ్లు చెప్పారనీ, "పాసింగ్ మా బాధ్యత" అంటూ అన్నిటికీ కలిపి ఒకే అంకె చెప్పి అడ్వాన్సు అడిగారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ అడ్వాన్సు ఇంకా ఇచ్చి ఉండకపోతే ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఇవ్వవద్దు. ఇచ్చి ఉంటే, ఏ పనికి ఎంత అన్నది కాగితం మీద రాసి ఇమ్మని రేపు ఉదయమే వెళ్లి అడుగు.

ఏటా చేయించాలన్న మాట నిజమే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం అద్దెకు తిరిగే ప్రతి వాహనానికీ ఫిట్‌నెస్ ధ్రువపత్రం ఉండాలి. 1989 నాటి కేంద్ర నియమాలలోని 62వ నియమం ఆ పత్రం ఎంతకాలం చెల్లుతుందో చెబుతుంది. కొత్త బండికి రెండేళ్లు, ఎనిమిదేళ్లలోపు బండికి రెన్యువల్ చేసిన ప్రతిసారీ రెండేళ్లు, ఆపైన ఒక్క ఏడాది. పత్రం గడువు తీరిన బండిని చట్టం రిజిస్ట్రేషనే లేని బండిగా చూస్తుంది కనుక, ఆ స్థితిలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు క్లెయిము కూడా చిక్కుల్లో పడుతుంది. గడువు దాటాక రోజుకు 50 రూపాయల చొప్పున అదనపు రుసుము వేసే నియమం 2016 డిసెంబరులో వచ్చింది. కాబట్టి ఎఫ్‌సీ చేయించే విషయంలో తాత్సారం పనికిరాదు. మీ ఎదురింటాయన సొంత కారుకు కూడా ఏటా ఎఫ్‌సీ అవసరమని ఎవరో బెదిరించారట. అది అబద్ధం. సొంత కారుకు 15 ఏళ్లు నిండినప్పుడు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, తర్వాత అయిదేళ్లకు ఒకసారి చేయిస్తే చాలు. ఆ మాట ఆయనకు చెప్పు.

అంబాసిడర్ల కాలం నుంచి ఈ నగరంలో టాక్సీ నడిపినవాణ్ణి కనుక, ఎఫ్‌సీ పేరుతో డబ్బు ఎక్కడ జారిపోతుందో నాకు బాగా తెలుసు. ప్రభుత్వానికి కట్టే రుసుములో పెద్దగా జారదు. ఆ అంకె రవాణా శాఖ వెబ్‌సైటులో బండి పరీక్షకు స్లాట్, అంటే తేదీ, సమయం, తీసుకుంటున్నప్పుడు నీ కళ్ల ముందే కనిపిస్తుంది. అది బండి రకాన్ని బట్టి, వయసును బట్టి మారుతుంది గనుక ఎవరి నోటి లెక్కనూ నమ్మకుండా అక్కడే చూసుకుని, అక్కడే కట్టి, రసీదు దాచుకో. డబ్బు జారేది, బండిలో లోపం ఏమిటో తేల్చే పనినీ, ఆ లోపాన్ని బాగుచేసి డబ్బు తీసుకునే పనినీ ఒకే మనిషి చేతిలో పెట్టినప్పుడు. బండిని పరీక్షించే అధికారి, అంటే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు, నీకు బ్రేక్ ప్యాడ్‌లు అమ్మడు. నీ బండి పాసైనా ఫెయిలైనా ఆయనకు ఒకటే. షెడ్డు యజమానికి అలా కాదు. అందుచేత షెడ్డుకు వెళ్లి "ఎఫ్‌సీకి తయారు చేయండి" అని ఎన్నడూ అనకు. నీ బండిని నీవే చూసుకుని, లోపాలు రాసుకుని, "ఈ నాలుగు పనులు చేయండి" అని చెప్పు.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి. ఒక ఏడాది గడువుకు మూడు రోజుల ముందు మేలుకొని, పేరు చెప్పనవసరం లేని ఒక షెడ్డులో బండి అప్పగించాను. ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్‌లు, వెనుక చక్రాల బ్రేక్ లైనర్లు, రెండు షాక్ అబ్సార్బర్లు మార్చామని చెప్పి బిల్లు లేకుండా డబ్బు తీసుకున్నారు. బండి పాసైంది కనుక నేనూ ఏమీ అడగలేదు. నాలుగు నెలల తర్వాత టైరు పంక్చరైతే చక్రం విప్పిన మేస్త్రీ, వెనుక షాక్ అబ్సార్బర్ మీద ఏళ్లనాటి తుప్పు, నూనె కారిన మరక చూపించాడు. అది కొత్తది కానే కాదు. చేతిలో బిల్లు లేదు, తీసేశామన్న పాత సామాను లేదు, ఎవరిని అడగను? ఆ నెల మీ అత్తయ్య దాచుకున్న చీటీ డబ్బు ఆ బండికే పోయింది. ఆ బాధ నీకు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

గడువుకు నెల ముందు ఒక ఆదివారం ఉదయం బండి దగ్గర రెండు గంటలు కూర్చో. మొదట బ్రేకులు చూడు. ఇంజను ఆన్ చేసి పెడల్‌ను గట్టిగా తొక్కిపట్టి అరనిమిషం ఉంచు. అది మెల్లగా కిందికి జారితే ఎక్కడో బ్రేకు నూనె లీకవుతున్నట్టో, పెడల్ ఒత్తిడిని బ్రేకులకు పంపే మాస్టర్ సిలిండర్ బలహీనపడినట్టో లెక్క. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే బ్రేకు నూనె గొట్టాలలో గాలి చేరి ఉంటుంది. దానికి బ్లీడింగ్ చేస్తే, అంటే ఆ గాలిని బయటికి తీసేస్తే, సరిపోతుంది, ప్యాడ్‌లు మార్చనవసరం లేదు. ఖాళీ రోడ్డు మీద తక్కువ వేగంలో స్టీరింగును వదులుగా పట్టుకుని బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగితే, చాలాసార్లు ఆ దోషం, ప్యాడ్‌లను నొక్కిపట్టే కాలిపర్ పిన్నులు బిగుసుకుపోవడంలో ఉంటుంది. శుభ్రం చేసి గ్రీజు పెడితే పోయే ఆ దోషానికి కాలిపర్ మొత్తం మార్చాలనేవారు ఉన్నారు. హ్యాండ్ బ్రేకును మీ అపార్టుమెంటు సెల్లారు వాలు మీద పరీక్షించు. బండిని సగం వాలులో నిలిపి, గేరు తీసి, కాలు పెడల్ పైనే సిద్ధంగా ఉంచుకుని చూడు. జారితే కేబుల్ బిగించమను. బిగించినా ఆగకపోతే అప్పుడు లైనర్ల సంగతి ఆలోచించవచ్చు.

బ్రేకుల తర్వాత ఎక్కువ బండ్లు పరీక్షలో తప్పేది హెడ్‌లైట్ల దగ్గర, ఎక్కువ డబ్బు అనవసరంగా పోయేదీ అక్కడే. మన ఎండకు ఎనిమిదేళ్లలో లైటు ముందుండే ప్లాస్టిక్ పసుపుబారుతుంది. వెంటనే "లైటు అసెంబ్లీ మొత్తం మార్చాలి" అంటారు. సన్నరకం నీటి ఎమెరీ కాగితంతో రుద్ది పాలిష్ పెడితే చాలావరకు తేటపడుతుంది. లోపల ఉండే రిఫ్లెక్టరు వెండి పూత ఊడిపోతే మాత్రం మార్చక తప్పదు. తర్వాత కాంతి ఎంత ఎత్తులో పడుతోందో చూడు. చదునైన చోట బండిని గోడకు ఎదురుగా 25 అడుగుల దూరంలో నిలిపి డిమ్ లైటు వేస్తే, గోడ మీద కాంతి పై అంచు లైటు మధ్యభాగం ఎత్తుకన్నా రెండు మూడు అంగుళాలు దిగువన, రెండు పక్కలా ఒకే తీరుగా ఉండాలి. పైకి పోతుంటే లైటు వెనుక ఉండే స్క్రూ తిప్పితే దిగుతుంది. ఒక్క స్క్రూడ్రైవరుతో అయిపోయే పని ఇది. కళ్లు జిగేల్‌మనే తెల్లటి బల్బులు బయట కొని వేయించి ఉంటే తీసేసి, కంపెనీ ఇచ్చిన రకానివే పెట్టు.

టైర్లకు కొలత ఉంది. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదు. కొలిచే పనిముట్టు అక్కరలేదు, గాడుల అడుగున అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి, టైరు పైభాగం వాటితో సమమైతే దాని ఆయుష్షు తీరినట్టే. ఒక పక్క మాత్రమే అరిగితే చక్రాల అలైన్‌మెంటు తప్పిందని అర్థం. అది సరిచేయించకుండా కొత్త టైరు వేస్తే ఆ టైరూ అలాగే పోతుంది. స్టెప్నీని కూడా చూస్తారని మరిచిపోకు.

మిగతావి త్వరగా చెబుతాను. వేసవిలో ఎండకు గట్టిపడిన వైపర్ రబ్బర్లు, వాననీటిలో తడిసి గొంతు పోయిన హారను, వెలగని నంబరు ప్లేటు లైటు, మూలన విరిగిన ఇండికేటరు గాజు, ఇవన్నీ కొద్ది డబ్బుతో పోయేవే అయినా బండిని వెనక్కి పంపేవి ఇవే. అద్దాలకు నల్ల ఫిల్ము ఉంటే తీసేయి, సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లోనే దాన్ని నిషేధించింది. బండి ముందుభాగాన అమర్చుకున్న ఇనుప గార్డునూ విప్పించు. సీటు బెల్టులు నాలుగు మూలలా లాగి చూడు. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో మందుల తేదీలు, మంటలార్పే సిలిండరు తేదీ చూడు. వేగ నియంత్రణ పరికరం ఉంటే దాని సీలు చెదరకూడదు. నీది సీఎన్‌జీ కిట్టు గల బండి కనుక, గ్యాసు సిలిండరుకు మూడేళ్లకు ఒకసారి చేయించే హైడ్రో (నీటి ఒత్తిడి) పరీక్ష పత్రం గడువులో ఉండాలి. చాలామంది స్లాట్ రోజున గుర్తు చేసుకునేది దీన్నే.

పొల్యూషన్ పరీక్షకు చల్లటి ఇంజనుతో వెళ్లవద్దు. చల్లగా ఉన్న ఇంజనులో ఇంధనం పూర్తిగా మండదు, పొగ గొట్టంలోని యంత్రం వేడెక్కితే గానీ విషవాయువులను విడగొట్టదు. అందువల్ల బాగున్న బండి కూడా చెడ్డ అంకె చూపిస్తుంది. ఇరవై నిమిషాలు నడిపి, ఎయిర్ ఫిల్టరు దులిపి, నేరుగా వెళ్లు. బీఎస్ ఫోర్ అనే కాలుష్య ప్రమాణం కింద వచ్చిన పెట్రోలు బండికి కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం దాటకూడదు. నీ కాగితం మీద అచ్చయిన అంకె దానికి దగ్గరలో ఉంటే ప్లగ్గులు చూపించు. ట్యాంకులో పోసే మందు సీసాలు కొనవద్దు. బండిని చూడకుండానే పొల్యూషన్ కాగితం ఇస్తామనేవారి దగ్గరికి అసలే పోవద్దు, ఆ గాలి పీల్చేది మన పిల్లలే.

ఈ తనిఖీలో తేలిన పనుల జాబితాతో రెండు షెడ్లకు వెళ్లి, సామాను ధర వేరుగా, కూలీ వేరుగా రాయించుకో. సామాను నీవే తెచ్చుకోగలిగితే ఇంకా మేలు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో నాలుగు విడిభాగాల కొట్లు తిరిగితే పెట్టె మీద అచ్చువేసిన ఎమ్మార్పీకీ, షెడ్డువాడు చెప్పిన ధరకీ తేడా తెలుస్తుంది. తీసేసిన పాత సామాను సంచిలో వేసి ఇవ్వాలని పని మొదలుకాక ముందే చెప్పు. ఆ ఒక్క మాటతో చేయని పనికి డబ్బు అడిగే ధైర్యం సగం మందికి పోతుంది. మధ్యలో ఫోను చేసి "ఇంకొకటి కూడా పోయింది" అంటే, కోపగించుకోకు, "విప్పి ఉంచండి, వచ్చి చూస్తాను" అని వెళ్లి చూడు. నిజంగా పోయిందయితే చేయించు. మంచి మేస్త్రీలు మన ఊళ్లో చాలామంది ఉన్నారు, చూపించమంటే సంతోషంగా చూపిస్తారు. జీఎస్టీ బిల్లు తప్పక తీసుకో. బిల్లుతో పేచీ వస్తే వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది.

స్లాట్‌ను గడువుకు కనీసం పది రోజుల ముందుకు పెట్టుకుంటే, ఒకసారి తిరస్కరించినా బాగుచేసుకునే వ్యవధి ఉంటుంది. వ్యవధి లేనివాడే ఎంత అడిగితే అంత ఇస్తాడు. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్, పర్మిట్, పన్ను రసీదు, పాత ఎఫ్‌సీ ఒక ఫైలులో పెట్టి, ముందురోజు బండి కింద భాగం కూడా కడిగించు. బురద పట్టిన ఛేసిస్ నంబరు కనబడకపోతే అక్కడే గీకుతూ కూర్చోవలసి వస్తుంది. స్లాట్‌లో ఏ కేంద్రం రాసి ఉందో అక్కడికే పొద్దున్నే చేరుకో. గేటు దగ్గర "పత్రాలు ఇలా ఇవ్వండి, నేను చూసుకుంటా" అంటూ ఏజెంట్లు చుట్టుముడతారు. నమస్కారం పెట్టి లోపలికి వెళ్లు. వారు చేసే పనిలో నీవు చేయలేనిది ఏదీ లేదు.

ఒకవేళ తిరస్కరిస్తే గొడవ పడవద్దు. ఏ లోపమో అధికారిని మర్యాదగా అడిగి, రాతలో తీసుకుని, ఆ లోపం ఒక్కటే బాగుచేయించి మళ్లీ రా. బయట కాచుకుని ఉన్నవారు ఆ ఒక్క లోపానికి పది పనులు తగిలిస్తారు. లోపం లేకపోయినా డబ్బు అడిగితే ఇవ్వవద్దు. అవినీతి నిరోధక శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1064 నీ ఫోనులో ఉంచుకో. 2018లో మారిన చట్టం ప్రకారం లంచం ఇచ్చినవాడూ దోషే, బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తేనే దాని నుంచి బయటపడతాడు. ఈ సంగతి తెలియక ఇచ్చి, ఆపైన భయపడి నోరు మూసుకున్నవాళ్లను నేను ఎందరినో చూశాను.

పత్రం చేతికి వచ్చాక అక్కడే నిలబడి ఛేసిస్ నంబరు, ఇంజను నంబరు, గడువు తేదీ ఒక్కో అంకే చదువు. తప్పుంటే గేటు దాటకముందే దిద్దించుకోవడం తేలిక. పని జాబితా, బిల్లులు, పాత సామాను సంచి పారేయకుండా వచ్చే ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు తీసుకురా, ఆ ప్యాడ్‌లు ఎంత అరిగాయో కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య