రాత్రి రెండింటికి మావాడు ఎవరితో మాట్లాడుతున్నాడు?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా ఆయన కొండకు ట్యాక్సీ నడుపుతారు. ఒక్కడే కొడుకు, ఇంజినీరింగ్ రెండో ఏడు. రెండు సబ్జెక్టులు పోయినప్పటి నుంచి క్రికెట్‌కు పోవడం మానేశాడు. రాత్రి రెండింటి దాకా ఫోనే. ఈ మధ్య ఒక వర్గం వాళ్లను ‘పురుగులు’ అంటున్నాడు. ఫోన్లో టార్ అనే బ్రౌజర్ ఉందని, అది డార్క్ వెబ్ అని మా మరిది చూసి చెప్పాడు. ఫోన్ పగలగొడతానంటున్నారు మా ఆయన. ఒకటే టెన్షన్.

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన్ను ఆపండి. ఫోన్ పగిలితే వాడు ఇంకోటి సంపాదించుకుంటాడు. ఈసారి మీ మరిది కంట కూడా పడనివ్వడు.

టార్ అంటే ఎవరు ఏ సైటు చూస్తున్నారో బయటికి తెలియకుండా దాచే బ్రౌజర్. అలాంటి దాంట్లోనే తెరుచుకునే సైట్లను డార్క్ వెబ్ అంటారు. టార్ ఉన్నంత మాత్రాన వాడు తప్పు చేసినట్టు కాదు. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పుట్టి, 2002లో జనంలోకి వచ్చింది అది. నిషేధాలున్న దేశాల వాళ్లు వార్తలు చదువుకోవడానికి బీబీసీ కూడా 2019లో అందులో చిరునామా తెరిచింది. 2015 నవంబరులో పారిస్ దాడుల తర్వాత ఐసిస్ ఉగ్రవాద సంస్థ తన ప్రచార వీడియోలు దాచుకున్నదీ అందులోనే. బయట మామూలు ఇంటర్నెట్‌లో ఏ సైటు పెట్టినా మూయించేస్తున్నారు మరి. అయితే కొత్త కుర్రాళ్లకు గాలం వేసేది ఎక్కువగా బయటే. గేమ్ చాట్‌లో, మీమ్స్ పేజీల్లో ముందు నవ్విస్తారు, కష్టం వింటారు. ఆ తర్వాత ‘ఇక్కడొద్దు బ్రో, మన గ్రూపులోకి రా’ అంటారు.

నాకు భయం వేసింది ‘పురుగులు’ అన్న మాటకు. అది ఇంట్లో నేర్చిన మాటలా లేదు. సబ్జెక్టులు పోయినప్పుడు ఇంట్లో ఏమన్నారో మీరు రాయలేదు. తిట్లు పడి ఉంటాయని నా అనుమానం. ఇక్కడ తిట్లు, అక్కడ ‘నీ తప్పేం లేదు, అంతా వాళ్ల వల్లే’ అనే ఓదార్పు. పందొమ్మిదేళ్లవాడు ఎటు మొగ్గుతాడు?

ఒక ఆదివారం ఆయన బండి పక్కన పెట్టి, వాణ్ని కపిలతీర్థం దాకా నడిపించుకెళ్లమనండి. వాదనలొద్దు. ‘ఆ మాట ఎవరు చెప్పార్రా? ఆయన్ని నువ్వు ఎప్పుడైనా చూశావా?’ అని అడిగి ఊరుకోవాలి. క్రికెట్ స్నేహితుల్లో ఒకణ్ని మీరే భోజనానికి పిలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కు ముందు మీరు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

డబ్బు పంపమన్నా, ఆయుధాల మాటెత్తినా, ఊరు వదిలి రమ్మన్నా మాత్రం పరువు గురించి ఆలోచించకండి. మెసేజులు చెరపకుండా అదే రోజు పోలీసుల దగ్గరికి వెళ్లండి. వాడు బయల్దేరే సూచన కనిపిస్తే వెంటనే 112.

అన్నట్టు, ఆ రెండు సబ్జెక్టులకు పరీక్ష ఫీజు ఎప్పుడు కట్టాలో వాణ్ని అడిగారా?