ఎస్‌ఈఓ నేర్చుకోవడానికి ఎవరిని ఫాలో అవ్వాలి? విశాఖలో ఒక ట్రావెల్స్ వెబ్‌సైట్ చూసుకుంటూ తెలుసుకున్నది

సీతమ్మధారలో మీ బొటిక్ వెబ్‌సైట్‌ను మీరే చూసుకుంటున్నారనీ, ఎస్‌ఈఓ, అంటే గూగుల్ వంటి వాటిలో వెతికినప్పుడు మన సైటు పైన కనిపించేలా చేసే పని, నేర్చుకుందామని సోషల్ మీడియా తెరిస్తే నిపుణులమని చెప్పుకునేవారు వందల్లో కనిపిస్తున్నారనీ, వారిలో ఎవరిని నమ్మాలో తెలియడం లేదనీ రాశారు. 2021లో నేనూ ఇదే సందేహంతో మొదలుపెట్టి, తప్పు మనిషిని ఎంచుకుని దాదాపు ఏడాది పోగొట్టుకున్నాను కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

మా బావగారికి ద్వారకానగర్‌లో ట్రావెల్స్ ఉంది. అరకు, లంబసింగి, అన్నవరం వెళ్లేవారికి కార్లు పంపిస్తారు. ఆ వెబ్‌సైట్ బాధ్యత నాకు అప్పగించినప్పుడు, లక్షకు పైగా ఫాలోవర్లున్న ఒకాయనను ఫాలో అయ్యాను. రోజూ పైకి ఎగబాకే గ్రాఫుల ఫొటోలు పెట్టేవారు. అవి ఏ సైటువో, ఎంత కాలానివో ఎన్నడూ చెప్పేవారు కాదు, నాకు అడగాలనీ తోచలేదు. ఊళ్లోని ప్రతి పేటకూ ఒక పేజీ చొప్పున పెట్టమన్న ఆయన సలహా విని, గాజువాక నుంచి అరకుకు కారు, మధురవాడ నుంచి అరకుకు కారు, గోపాలపట్నం నుంచి అరకుకు కారు అంటూ పేట పేరు మాత్రమే మార్చి 38 పేజీలు తయారుచేశాను. రెండు నెలలు కాస్త కదలిక కనిపించింది, ఆ తరువాత ఆ పేజీలు ఒక్కొక్కటిగా గూగుల్‌లో కనిపించకుండా పోయాయి, వాటితోపాటు అసలు పేజీకి వచ్చే ఫోన్లు కూడా తగ్గాయి. ఇలాంటి వాటిని డోర్‌వే పేజీలంటారనీ, గూగుల్ స్పామ్ నియమాల్లో అవి ఏనాటి నుంచో ఉన్నాయనీ చాలా ఆలస్యంగా చదివి తెలుసుకున్నాను. బావగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, కానీ ఆ వేసవి సీజన్ పోయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అప్పటి నుంచి ఎవరినైనా ఫాలో అయ్యే ముందు నేను చూసేది ఒకటే: ఈ విషయం తనకు ఎలా తెలిసిందో ఆ మనిషి చెబుతున్నారా, తరువాత అది తప్పని తేలితే అంతే బహిరంగంగా దిద్దుకుంటున్నారా. 2024 మార్చి 5న మొదలైన గూగుల్ కోర్ అప్‌డేట్ (ఫలితాలను వరుసలో పెట్టే పద్ధతిలో చేసే పెద్ద మార్పు) పూర్తికావడానికి 45 రోజులు పట్టింది. మూడో రోజుకే కారణాలన్నీ తేల్చేసినవారిని నా జాబితాలోంచి తీసేశాను, ముగిసేదాకా ఆగి లెక్కలు చూడమన్నవారిని ఉంచుకున్నాను. ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది. కీవర్డ్స్ మెటా ట్యాగ్‌ను, అంటే పేజీ కోడ్‌లో చూసేవారికి కనిపించకుండా రాసే కీలక పదాల జాబితాను, ర్యాంకింగ్‌కు వాడబోమని గూగుల్ 2009లోనే స్పష్టంగా ప్రకటించింది. ఇప్పటికీ దాన్ని నింపమనేవారి పోస్టులు చదవనక్కర్లేదు.

ఇక పేర్ల విషయానికి వస్తే, ఏ రోజు ఏం మారిందో తెలియడానికి 2003 నుంచి సెర్చ్ ఇంజిన్ రౌండ్‌టేబుల్ నడుపుతున్న బ్యారీ ష్వార్జ్ ఒక్కరు చాలు. అప్‌డేట్ల తరువాత పడిపోయిన సైట్లను ఓపికగా పరిశీలించే గ్లెన్ గేబ్, లిలీ రే పోస్టులను నేను వదలకుండా చదువుతాను. మొదటి నుంచి క్రమంగా నేర్చుకోవాలంటే అలీడా సోలిస్ లెర్నింగ్‌ఎస్‌ఈఓ పేరుతో ఉచితంగా అందించిన పాఠ్యక్రమం ఉంది. గూగుల్‌లోనే పనిచేసే జాన్ ముల్లర్, మార్టిన్ స్ప్లిట్ మాటలు సాంకేతిక సందేహాలకు బాగా ఉపయోగపడతాయి. అయితే వారు సంస్థ ఉద్యోగులు, అన్నీ చెప్పలేరు. 2024 మే నెలలో బయటపడిన గూగుల్ అంతర్గత పత్రాలను ఎస్‌ఈఓ నిపుణులు ర్యాండ్ ఫిష్‌కిన్, మైక్ కింగ్ వెలుగులోకి తెచ్చినప్పుడు, ర్యాంకింగ్‌కు క్లిక్కులను వాడతారా వంటి విషయాల్లో గూగుల్ ప్రతినిధులు అంతకుముందు చెప్పినదానికీ అందులో ఉన్నదానికీ పొంతన లేదని చాలామంది ఎత్తిచూపారు. అదే సమయంలో, ఆ పత్రాల్లో ఒక అంశం పేరు ఉన్నంత మాత్రాన దానికి ఎంత ప్రాధాన్యముందో తెలియదని గుర్తుచేసినవారే నాకు ఎక్కువ నమ్మదగినవారుగా కనిపించారు.

మీది ఒక ఊళ్లోని దుకాణం కనుక, వీరందరికన్నా ముందు గూగుల్ మ్యాప్స్ ఫలితాల మీద పనిచేసే జాయ్ హాకిన్స్, డారెన్ షా వంటివారిని ఫాలో అవ్వమని నా సలహా. ఈ ఫలితాలకు సందర్భోచితత, దూరం, ప్రాచుర్యం అనే మూడింటినీ చూస్తామని గూగుల్ చెబుతుంది. వాటిలో దూరం మన చేతిలో లేదు, మిగిలిన రెండింటికీ ఏం చేయవచ్చో హాకిన్స్ బృందం ప్రయోగాలు చేసి ఫలితాలతో సహా ప్రచురిస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే వ్యాపార ప్రొఫైల్‌లో ప్రధాన కేటగిరీ, అంటే అది ఏ రకం వ్యాపారమో చెప్పేది, ఎంత ముఖ్యమో అలా చదివాకే, బావగారి ప్రొఫైల్‌లో ట్రావెల్ ఏజెన్సీ అని ఉన్నదాన్ని టాక్సీ సర్వీస్‌గా మార్చి, మిగతా వాటిని నెల రోజుల పాటు ముట్టుకోకుండా, వచ్చే ఫోన్లను పుస్తకంలో రాసుకున్నాను. రోజుకు మూడు నాలుగు వచ్చేవి, నెలాఖరుకు ఏడెనిమిదికి చేరాయి. మీరు కూడా టైలర్ అన్న కేటగిరీ పెట్టారా, బొటిక్ అన్నది పెట్టారా, మీ అసలు ఆదాయం దేని నుంచి వస్తుంది అన్నది ముందు చూసుకోండి.

నెల రోజుల్లో మొదటి స్థానం ఖాయమంటూ డబ్బు అడుగుతున్న ఒకరి గురించి కూడా మీరు రాశారు. మొదటి ర్యాంకుకు ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పత్రాల్లోనే రాసింది. దయచేసి ఆయనకు డబ్బు కట్టకండి.

పై పేర్లలో ఎవరూ మనకు చెప్పలేనిది ఒకటుంది. మన ఊరివారు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు, ఒకే మాటను మూడు నాలుగు రకాలుగా రాస్తారు, సగం తెలుగు సగం ఇంగ్లీషు కలిపి వెతుకుతారు. ఇది సెర్చ్ కన్సోల్‌లోని (సైటు యజమానులకు గూగుల్ ఉచితంగా ఇచ్చే సాధనం) క్వెరీల జాబితాలో, అంటే జనం వెతికిన మాటల జాబితాలో మాత్రమే దొరుకుతుంది, అది 16 నెలల లెక్కలు భద్రపరుస్తుంది. ఆ 38 పేజీలను తీసేసి ఒకే పేజీగా కలిపినప్పుడు, జనం నిజంగా ఏం అడుగుతున్నారో ఆ జాబితాలోనే చూసి, ఘాట్ రోడ్డులో ఎంత సమయం పడుతుంది, బొర్రా గుహల దగ్గర ఎంతసేపు ఆగవచ్చు, రాత్రి తిరిగి రాగలమా అన్న ప్రశ్నలకు మా డ్రైవర్లను అడిగి జవాబులు రాశాను. ఇప్పుడు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఆ పేజీ చూసి చేసేవే. మీ జాబితాలో బ్లౌజు, మగ్గం వర్క్ అన్న మాటలు ఏయే స్పెల్లింగులతో వస్తున్నాయో ఈ వారం ఒకసారి తీసి చూడండి. అక్కడ అర్థం కానిది ఏదైనా కనిపిస్తే రాయండి, నాకు తెలిసినంతవరకు చెబుతాను.