బహుశః, బహుశా, కాబోలు

సందేహం: ‘బహుశా రేపు వాన పడుతుందేమో’ అని మా అమ్మాయి పరీక్షలో రాస్తే మాస్టారు కొట్టేశారు. ‘బహుశః’ అంటే ‘పలుమార్లు’ అట, ‘బహుశా’ అన్న మాటే లేదట. నిజమేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: సంస్కృతం వరకు ఆ మాస్టారి మాట నిజం. ‘బహ్వల్పార్థాచ్ఛస్ కారకాదన్యతరస్యామ్’ అని పాణిని సూత్రం (5.4.42). ‘చాలా’, ‘కొంచెం’ అనే అర్థమున్న మాటలకు ‘శస్’ అనే ప్రత్యయం చేరవచ్చని దాని భావం. బహుశః, అల్పశః అలా పుట్టినవే. ‘బహుశో దదాతి’ అంటే ధారాళంగా ఇస్తాడని. ఇస్తాడో ఇవ్వడో అని కాదు. దీనికి తోబుట్టువు ‘బహుధా’. కిష్కింధకాండలో హనుమంతుడి మాటతీరు విని రాముడు లక్ష్మణుడితో ‘నూనం వ్యాకరణం కృత్స్నమ్ అనేన బహుధా శ్రుతమ్’ అంటాడు. ఇతను వ్యాకరణమంతా పలుమార్లు విన్నవాడే, సందేహం లేదని. తన ఊహను గట్టిగా చెప్పడానికి ‘నూనం’, ఎన్నోసార్లు అనడానికి ‘బహుధా’. అంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదని ఆ వెంటనే అంటాడు. ఈ శ్లోకం ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు.

మరి మన ‘బహుశా’కు అనుమానం ఎక్కడిది? పలుమార్లు జరిగేది ఈసారీ జరగవచ్చు అనుకుంటాం కదా, అర్థం ఆ దారినే జారింది. కన్నడంలోనూ అంతే. తెలుగులో విసర్గ పోయి దీర్ఘం వచ్చింది. జనం నోట స్థిరపడ్డ మాటను లేదనడం సరికాదు.

నా బాధ వేరే. ఇంగ్లీషు ‘మేబీ’కి బదులుగా ప్రతి వాక్యం మొదట్లో దీన్ని తగిలించడం ఇప్పుడు అలవాటైపోయింది. ‘బహుశా తప్పకుండా వస్తాడు’ అని టీవీలో విన్నాను. వచ్చేది ఖాయమా, అనుమానమా? మన క్రియలోనే సందేహం చెప్పే సదుపాయం ఉంది: రావచ్చు, వస్తాడేమో, వచ్చి ఉంటాడు. ‘కాబోలు’ ఎంత చక్కని మాట! కాన్ + పోలు. అలా అయినట్టు తోస్తోందని. వాకిట్లో చెప్పుల చప్పుడైతే మా అమ్మమ్మ వంటింట్లోంచే ‘మామయ్య కాబోలు, చూడు’ అనేది. ‘బహుశా’ ఆమె నోట ఒక్కసారీ వినలేదు. ఈ ‘కాబోలు’ను ఇప్పటి పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

మీ అమ్మాయి వాక్యంలో ‘ఏమో’ ఉండగా ‘బహుశా’ అక్కర్లేదు. అందుకు అర మార్కు తగ్గిస్తే ఒప్పుకుంటాను గానీ, మొత్తం కొట్టేయడం అన్యాయం. మాటల్లో అయితే ఆ రెండూ కలిసి వచ్చినా నేను తప్పనలేను.