బరువే తెలియని చోట గురుత్వాకర్షణను ఎలా కొలుస్తారు?

ప్రశ్న: ఉపగ్రహంలో ఏ వస్తువుకూ బరువు ఉండదు కదా, మరి అక్కడి నుంచి భూమి ఆకర్షణను ఎలా కొలుస్తారు?

నిజమే, అక్కడ కాటా పనిచేయదు, ఎందుకంటే కాటా కూడా వస్తువుతో పాటే పడిపోతూ ఉంటుంది. అందుకే బరువును వదిలేసి దూరాన్ని కొలుస్తారు.

భూమి ఆకర్షణను కొలవడానికి 2002లో పంపిన గ్రేస్ అనే అంతరిక్ష మిషన్‌లో ఒకేలాంటి రెండు ఉపగ్రహాలు ఉండేవి. ఒకదాని వెనక ఒకటి, మధ్యలో సుమారు 220 కిలోమీటర్లు. మనకు హైదరాబాద్ నుంచి కర్నూలు ఎంతో, దాదాపు అంత. కింద పెద్ద పర్వతశ్రేణి వస్తోందనుకోండి. ముందున్నది దాని లాగుడుకు కాస్త వేగం పుంజుకుంటుంది, మధ్య దూరం పెరుగుతుంది. అది దాటిపోయాక పర్వతం దాన్నే వెనక్కి లాగుతుంది, రెండోదాన్ని ముందుకు లాగుతుంది. దూరం తగ్గుతుంది. ఈ తేడాను మైక్రోవేవ్ తరంగాలతో మైక్రాన్ స్థాయిలో పట్టేవారు. వెంట్రుక మందమే పదుల మైక్రాన్లు! పలుచని గాలి వల్ల వచ్చే ఒరిపిడిని యాక్సిలరోమీటర్‌ (వేగంలో మార్పును పట్టే పరికరం)తో విడిగా కొలిచి తీసేస్తారు.

ఈ దూరాల లెక్కతో నెలనెలా ఆకర్షణ మ్యాప్ వేస్తే, పర్వతాలు అలాగే ఉంటాయి కాబట్టి మారేది ఎక్కువగా నీరే. రాజస్థాన్, పంజాబ్, హర్యానాల్లో 2002-2008 మధ్య 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం తరిగిందని 2009లో తేలింది ఇలాగే. 2018 నుంచి గ్రేస్ ఫాలో ఆన్ జంట అదే పని చేస్తోంది, లేజర్ కూడా తోడైంది.

అయితే ఉప్పల్‌లో మీ బోరు ఎందుకు ఎండిందో ఇది చెప్పలేదు. దీని చూపుకు కొన్ని వందల కిలోమీటర్ల ప్రాంతమంతా కలిపి ఒక్క చుక్క. బోరు సంగతికి కింద గ్రానైట్‌లో పగుళ్లు వెతకాల్సిందే.