పాతిక మంది మాట సాక్ష్యమవుతుందా?

ప్రశ్న: మత్తుపదార్థాల వాడకంపై లక్షల మందిని లెక్కించే సర్వేలు ఉండగా, పాతిక ముప్పై మందితో మాట్లాడి రాసే పరిశీలనను ఎంతవరకు నమ్మవచ్చు?
– సోషియాలజీ విద్యార్థిని, వరంగల్

జవాబు: మీ సందేహం న్యాయమైనదే. ఎంతమంది వాడుతున్నారన్న ప్రశ్నకు పాతిక మంది మాట జవాబు కాదు. అయితే ప్రశ్నపత్రంలోకి ఇంకా పేరే ఎక్కని పదార్థం గురించి సర్వే లక్ష మందిని కలిసినా ఏమీ చెప్పలేదు.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 1999లో మొదలైన పర్యవేక్షణ వ్యవస్థనే చూడండి. పరిశోధకులు వాడేవారితోనూ, చికిత్సా కేంద్రాల సిబ్బందితోనూ, పోలీసులతోనూ విడివిడిగా మాట్లాడి, ఎప్పటికప్పుడు నివేదికలు ఇచ్చేవారు. హెరాయిన్‌కు కొత్తగా అలవాటుపడిన యువకులు కొందరు తమ కథను ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్ర దగ్గర మొదలుపెట్టడం ఈ పరిశోధకుల చెవిన పడింది. ఆ సంగతి 2003లోనే ఒక వైద్యపత్రికలో వచ్చింది. అమెరికాలో హెరాయిన్ మరణాలు ఒక్కసారిగా పెరిగింది 2010 తరువాత. ఆ ఏడేళ్ల వ్యవధిని తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ఇక్కడ అడిగే తీరు ముఖ్యం. "మీరు ఏం వాడతారు?" అంటే ఎదుటివారు ముడుచుకుపోతారు. "ఆరు నెలల క్రితం లేనిది ఇప్పుడు మీ చుట్టుపక్కల ఏం కనబడుతోంది?" అంటే మాట సాగుతుంది. విన్నదంతా నిజమని కాదు. ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వచ్చే నమూనాలతోనూ, ఆసుపత్రి కేసులతోనూ సరిచూసుకోవాలి. డీ-అడిక్షన్ కేంద్రంలో కలిసేవారు తరచు కొన్నేళ్ల కిందటి అలవాటునే చెబుతారు కనుక, అక్కడితో ఆగకండి. ఒకరి ద్వారా మరొకరిని కలుసుకుంటూ వెళ్లే స్నోబాల్ పద్ధతిలోనూ ఒకే స్నేహబృందంలో చిక్కుకుపోకుండా, సంబంధంలేని నాలుగైదు చోట్ల నుంచి మొదలుపెట్టాలి.

2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే 2 లక్షలకు పైగా ఇళ్లకు వెళ్లినా, ఇంటి గడపలో ఈ విషయం బయటపడదని గుర్తించి, మత్తుకు బానిసలైన 72,642 మందిని ఇలాంటి గొలుసు పద్ధతిలోనే విడిగా కలిసింది.

ఒక్క జాగ్రత్త. మత్తుపదార్థాలపై 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం వాడకం కూడా నేరమే కాబట్టి, మిమ్మల్ని నమ్మి మాట్లాడినవారి పేరు, ఫోన్ నంబరు, వీధి పేరు మీ నోటుపుస్తకంలోకి ఎక్కనీయకండి.