క్యామ్ మార్చాక బ్రేకు పెడల్ గట్టిబడితే ట్యాంకు ఒక్కటే చాలదు

పాత కార్బురేటర్ మారుతి ఎస్టీమ్ కారుకు పెద్ద క్యామ్ (ఇంజిన్ వాల్వులను తెరిచే కడ్డీ) వేయించాక ఐడ్లింగ్‌లో బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటోందని, వాక్యూమ్ ట్యాంకు (వాక్యూమ్‌ను నిల్వ ఉంచే డబ్బా) పెడితే సరిపోతుందా అని అడిగారు. నల్లగొండలో నేను నడిపేదీ అదే బండి, దానికీ అదే జబ్బు ఉండేది. ట్యాంకు ఒక్కటే పెడితే డబ్బు దండగ.

బ్రేకుకు బలమిచ్చే బూస్టర్ లోపలి డయాఫ్రంకు (రబ్బరు పొర) ఒకవైపు మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) వాక్యూమ్, పెడల్ తొక్కినప్పుడు మరోవైపు బయటి గాలి ఉంటాయి. ఆ తేడాయే మీ కాలికి సాయం. పెద్ద క్యామ్‌తో రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే సమయం పెరుగుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో పొగ వెనక్కి మానిఫోల్డ్‌లోకి వచ్చి వాక్యూమ్‌ను తినేస్తుంది. కంపెనీ ఇంజిన్ ఐడ్లింగ్‌లో 17 నుంచి 20 అంగుళాల (పాదరసం లెక్కలో) వాక్యూమ్ చూపిస్తుంది. బూస్టర్ సరిగా పనిచేయాలంటే సుమారు 16 కావాలి. మన ఊరు సముద్రమట్టానికి 400 మీటర్ల పైనే ఉంది కాబట్టి పుస్తకాల్లోని ఐడ్లింగ్ అంకెలో ఒక అంగుళానికి పైగా తీసేసి చూసుకోండి.

బూస్టర్ పైపు దగ్గర టీ ఆకారపు జాయింటు పెట్టి వాక్యూమ్ గేజీ తగిలించండి. నా బండిలో ముల్లు 11, 12 మధ్య వణుకుతూ ఉండేది, ఏసీ వేస్తే 10 కిందికి జారేది. ముందు లీకులు వెతికాను. బూస్టర్ దగ్గర క్లిప్పు కింద పైపుకు సన్నటి పగుళ్లున్నాయి, వంచితే తప్ప కనిపించవు. పైగా ఎవరో మామూలు పెట్రోలు పైపు వేసి ఉంచారు. వేడెక్కితే అది లోపలికి నొక్కుకుపోతుంది. మందపాటి వాక్యూమ్ పైపే వేయాలి. నాన్ రిటర్న్ వాల్వును ఊడదీసి నోటితో ఊదండి, గాలి ఒకవైపే పోవాలి.

తర్వాత స్పార్కు టైమింగ్ కొద్దిగా ముందుకు జరిపి, అడ్వాన్స్ పైపును (వాక్యూమ్‌ను బట్టి స్పార్కును ముందుకు జరిపేది) నేరుగా మానిఫోల్డ్‌కు కలిపి, ఐడ్లింగ్‌ను 950 ఆర్‌పీఎం దగ్గర పెట్టించాను. ముల్లు 14కు వచ్చింది. నాకింగ్ (ఇంజిన్‌లో టకటక చప్పుడు) వినిపిస్తే మాత్రం టైమింగ్ వెనక్కి తగ్గించాలి.

ఇక ట్యాంకు సంగతి. ఇంజిన్ 11 ఇస్తే ట్యాంకులోనూ ఐడ్లింగ్‌లో నిండేది 11 అంగుళాలే. ఒకటి రెండు సార్లు ఎక్కువ తొక్కడానికి పనికొస్తుంది, అంతే. చివరికి నాకు కుదిరింది కరెంటు వాక్యూమ్ పంపు. వాక్యూమ్ 16కు పడితే మొదలై 20 దగ్గర ఆగే స్విచ్చు, విడిగా రిలే, ఫ్యూజు పెట్టించాను. సిగ్నల్ దగ్గర దాని రొద వినిపిస్తుంది, అలవాటైపోయింది. డీజిల్ జీపు ఆల్టర్నేటర్ వెనక ఉండే పంపు వేయమని మెకానిక్కులు అంటారు; దానికి ఇంజిన్ ఆయిల్ రానుపోను లైన్లు కావాలి, అంత తతంగం అక్కర్లేదు.

మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్ గురించి భయపడ్డాను కానీ అక్కడ ఇబ్బంది లేదు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే థ్రాటిల్ మూసుకుని ముల్లు 20 దాటుతుంది. న్యూట్రల్ వేశారో, మళ్లీ ఐడ్లింగ్ వాక్యూమే మిగులుతుంది. అసలు కష్టమంతా క్లాక్ టవర్ ట్రాఫిక్‌లో, ఇంటి సందులో రివర్స్ చేసేటప్పుడు. ఇది బాగయ్యేదాకా పిల్లలను ఎక్కించుకుని బయటికి తీయకండి.

పంపు కొనేముందు ఏసీ వేసి ఒకసారి, ఆపి ఒకసారి గేజీ ఎంత చూపిస్తోందో ఇక్కడ రాయండి. 15 వస్తుంటే ముందు పైపులు మార్చి చూడమంటాను.